చౌడునకు వైద్యము చేసిన వరి

చౌడు నేల యెట్లుండునో తెలుగు రైతునకు వేరుగా చెప్పవలసిన పని లేదు. వాన కురిసినచో బురద, ఎండ కాసినచో బండ. వేసవిలో పైన తెల్లని పొర పేరుకొనును. పూర్వము రజకులు బట్టలు ఉదుకుటకు ఈ మన్నునే రేవునకు కొనిపోయెడివారు. బట్టల మురికిని వదలించు ఆ క్షారమే పైరు వేరులను చంపును. ఇట్టి నేల మరల పంటకు వచ్చునా యను ప్రశ్నకు మన దేశమున సమాధానము దొరకుటకు నూరేండ్లకు పైగా పట్టినది. ఆ చరిత్ర ముఖ్యముగా ఉత్తరదేశమున, కర్నాలు ప్రాంతమున నడచినది.

పడమటి యమునా కాలువను 19వ శతాబ్ది తొలి భాగమున ఆంగ్లేయులు పునరుద్ధరించిరి. నీరు వచ్చినది, కాని మురుగు పోవు దారిని ఎవరును తలపోయలేదు. కాలువ గట్లు సహజమైన పల్లపు దారులను అడ్డగించెను. భూగర్భజలము పైకి లేచి, తనతో లవణములను తెచ్చెను. 1855లో పానిపట్టు సమీపమందలి మూనక్ గ్రామస్థులు తమ పొలములు పాడగుచున్నవని సర్కారునకు మొరపెట్టుకొనిరి. అక్కడివారు ఆ లవణమును 'రేహ్' అనియు, చెడిన నేలను 'ఊసర్' అనియు అందురు. ఈ రెండవది మన కావ్యములందలి 'ఊషరము' అను మాటయే. 1876లో ప్రభుత్వము విచారణకై ఒక సంఘమును నియమించెను. అటుపిమ్మట లెదర్ అను రసాయన శాస్త్రజ్ఞుడు ప్రయోగములు చేసి, జిప్సము వలన గుణము కలుగునని తెలిసికొనెను. కాని దాని వ్యయము నాటి రైతునకు అందనిది. మందు తెలిసియు రోగి మంచమునే యుండెను.

ఆ మందు పనిచేయు విధము తెలియదగినది. క్షార భూమిలో సోడియము బంకమట్టి రేణువులను అంటిపెట్టుకొని, వానిని విడదీసి, నేల రంధ్రములను పూడ్చివేయును. నీరు లోనికి దిగదు, గాలి ఆడదు. జిప్సములోని కాల్షియము సోడియమును తొలగించి తాను ఆ స్థానమున నిలుచును. విడివడిన సోడియమును నీటితో క్రిందికి కడిగివేయవలెను. కడుగని యెడల వైద్యము సగమే.

ఈ కడుగుట యందే వరి ప్రయోజనము కలదు. 1969లో స్థాపింపబడి, కర్నాలున నెలకొన్న కేంద్ర లవణీయ మృత్తికా పరిశోధన సంస్థ వారు దీనిని రైతుల పొలములలో నిరూపించిరి. పొలము చదును చేసి, గట్లు బలపరచి, జిప్సము పొడిని పైమట్టిలో నాలుగంగుళముల లోతున మాత్రమే కలిపి, కొన్ని దినములు నీరు నిలువగట్టి, పిదప ముదురు నారు నాటించిరి. నిలువ నీరు లవణములను దించును. వేరుల నుండి వెలువడు బొగ్గుపులుసు గాలి నేలలో ముందే యున్న సున్నమును కరిగించి మరికొంత కాల్షియమును ఇచ్చును. కావున వరి ఆ నేల నుండి ఫలము పుచ్చుకొనునది మాత్రమే కాదు. దానికి చికిత్స చేయునది కూడ. వరి పిమ్మట గోధుమ, వేసవిలో జీలుగ వేసి, నేలను బీడు విడువకుండుట రెండవ నియమము.

1989లో విడుదలయైన సి.ఎస్.ఆర్. 10 అను వరి రకము ఈ పనిని సులభము చేసినది. దాని జనకులలో ఒకటి, మన హైదరాబాదు పరిశోధనల నుండి 1968లో వెలువడిన 'జయ'. ప్రభుత్వములు జిప్సమును తక్కువ ధరకు ఇచ్చుటచే దేశమున ఇంచుమించు 20 లక్షల హెక్టార్ల భూమి బాగుపడినది.

అయితే ఒక చికిత్స అన్ని నేలలకును చెల్లదు. కృష్ణా, గోదావరి డెల్టాలలో సముద్రపు టంచున నున్న ఉప్పు నేలలకు తొలుత కావలసినది మంచి నీరు, మురుగు కాలువ, జిప్సము కాదు. నేలను పరీక్ష చేయించనిదే మందు వేయరాదు. వేరొక హెచ్చరికయు కలదు. నాడు నీరు పైకి లేచి పాడుచేసిన కర్నాలు సీమలో, నేడు వరికై గొట్టపు బావులు తోడుటచే భూగర్భజలము ఏటేటా అడుగంటుచున్నది. నీటిని తెచ్చువారు దాని రాకతో పాటు పోకను కూడ లెక్కింపవలె నని మూనక్ గ్రామస్థుల మొర మనకు నేటికిని బోధించుచున్నది.