మరైగూడకు ఆవల తెలుగు

మరైగూడ బస్తరులో, తెలంగాణపు అంచున నున్న చిన్న ఊరు. అది దాటిన యాత్రికుడు తెలుగునేలను విడిచితి ననుకొనుట సహజము. 1323లో ఓరుగల్లు పడిన పిమ్మట ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు బస్తరు చేరి రాజ్యమేలెనని అచ్చటి రాజవంశపు ఐతిహ్యము. తెలుగువారి రాకకు అదియే మొదలని పలువురు తలతురు. బారసూరు వేరొక మాట చెప్పును. ఇంద్రావతికి చేరువనున్న ఈ చిన్న పట్టణమున, నాగవంశపు జగదేకభూషణుని సామంతుడైన చంద్రాదిత్యుడు 1060లో శివాలయము కట్టించి, చెరువు త్రవ్వించి, ఆ సంగతిని తెలుగులోనే శాసనముగా చెక్కించెను. అన్యుల కొలువున నున్నను అతనికి స్వభాష విడువ నక్కర లేకపోయినది. ఆదరించుట యన నిదియే కదా! నేడు సెలవులకు వచ్చువారు ముప్పదిరెండు స్తంభముల బత్తీసా ఆలయమును, జంట గణపతులను చూచి సంతసింతురు. చంద్రాదిత్యుని పేరడుగువారు మాత్రము అరుదు.