ఓటు లేనివాళ్ల పద్దు

ఐరాల మండలంలో తగాదా ముదిరితే ముందుగా వినిపించే మాట కాణిపాకం. కోనేట్లో మునిగి, తడిబట్టలతో వినాయకుడి ఎదుట ప్రమాణం చెయ్యమంటారు. అప్పు ఎగ్గొట్టినవాడైనా, పొలం గట్టు జరిపినవాడైనా అక్కడ అబద్ధమాడటానికి జంకుతాడని ఈ ప్రాంతపు నమ్మకం. రాజకీయ నాయకులు సైతం ఒకరినొకరు కాణిపాకానికి రమ్మని సవాలు చేసుకుంటారు. అక్కడ తేలనివి పోలీసు స్టేషనుకు, అక్కణ్ణుంచి చిత్తూరు కోర్టుకు చేరతాయి. జడ్జి రిమాండు రాస్తే మనిషి జైలు గేటు లోపలికి పోతాడు. ఇక అతని ముద్ద, మందు, పడక, కాపలా అన్నీ రాష్ట్ర ఖజానా మీద పడతాయి.

ఆ ఖర్చుకు ఏటా శాసనసభ ఒప్పుకోవాలి. రాజ్యాంగం ఏడో షెడ్యూలు జైళ్లను రాష్ట్రాల జాబితాలో నాలుగో అంశంగా పెట్టింది. పోలీసు పద్దు మీద సభలో కేకలు లేస్తాయి, నీటిపారుదల మీద పొద్దుపోయేదాకా వాదులాడతారు. జైళ్ల పద్దు మాత్రం చాలాసార్లు చడీచప్పుడు లేకుండా దాటిపోతుంది. దీని వెనకటి కథ తిరగేస్తే ఒక సంగతి కనబడుతుంది. జైలు కూడు తిన్నవాళ్లు సభలో కూర్చున్నప్పుడే ఈ పద్దుకు మాట్లాడేవాళ్లు దొరికారు.

నెల్లూరు నుంచి తిరునెల్వేలి దాకా ఉన్న కర్ణాటక నవాబు రాజ్యం 1801లో ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. అందులో భాగమైన ఉత్తర ఆర్కాటు జిల్లాకు చిత్తూరే ముఖ్యపట్టణం. తొలినాళ్లలో చాలా జైళ్లలో ఖైదీ చేతికి రోజుకింతని బత్తెం డబ్బులిచ్చేవారు. అతను సరుకులు తెప్పించుకుని, కులం చెడకుండా తన పొయ్యి మీద తానే వండుకునేవాడు. పగలు గొలుసులతో రోడ్డు పనికి పోయేవాడు. మెకాలే సభ్యుడుగా ఉన్న జైళ్ల కమిటీ 1838లో ఈ పద్ధతిని తప్పుపట్టింది. ఖైదీలను రోడ్ల మీద తిప్పొద్దు, గోడల మధ్యే కఠినంగా ఉంచండి అంది. ఆ దారిలోనే అందరికీ ఒకే వంటశాల పెట్టబోతే 1840లలో బిహారు జైళ్లలో అల్లర్లు లేచాయి. ఇవన్నీ దొరల మధ్య ఉత్తరాల్లో తేలిన లెక్కలు. జనం తరఫున అడిగే సభ అప్పటికి లేదు.

జైలు కూటి లెక్క మొదటిసారి ఊళ్లలోకి వచ్చింది ధాత కరువులో. 1876-78 మధ్య మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) ఎండిపోయింది, రాయలసీమ మలమల మాడింది. వైస్రాయ్ లిట్టన్ పంపగా 1877 జనవరిలో వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువు పనికి వచ్చే మగమనిషికి ఒక పౌను ధాన్యం ఖరీదు, పైన ఒక అణా కూలి చాలని తేల్చాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ దీనికి అడ్డం తిరిగాడు. రాళ్లు కొట్టే కూలీకి జైల్లో ఖైదీకి పెట్టేపాటి తిండైనా దక్కదా అని అంకెలు వేసి చూపించాడు. పేచీ ముదిరి, ఆ ఏడాదే మద్రాసు ప్రభుత్వం కూలి పెంచక తప్పలేదు. తప్పు చేసి జైలుకు పోయినవాడు, ఏ తప్పూ చేయని కూలీ కంటే కడుపునిండా తినడం ఆనాటి సర్కారు లెక్కల్లోనే బయటపడింది.

1892 చట్టంతో రాజధాని శాసనమండలి సభ్యులకు బడ్జెట్ మీద మాట్లాడే హక్కొచ్చింది. ఓటు హక్కు రాలేదు. అది వచ్చింది 1919 చట్టంతో, అదీ సగం సగమే. ద్వంద్వ ప్రభుత్వంలో విద్య, స్థానిక సంస్థలు ప్రజలెన్నుకున్న సభ్యుల్లోంచి వచ్చిన మంత్రులకు దక్కాయి. పోలీసు, జైళ్లు, భూమిశిస్తు రిజర్వుడు శాఖలుగా గవర్నరు కార్యనిర్వాహక మండలి గుప్పిట్లో ఉండిపోయాయి. సభ జైళ్ల పద్దులో కోత పెట్టొచ్చు. అది అవసరమైన ఖర్చేనని గవర్నరు ఒక్క సంతకంతో ధ్రువీకరిస్తే కోసిన డబ్బు మళ్లీ వచ్చి చేరుతుంది.

చిత్తూరు పక్కనున్న కట్టమంచి నుంచి వచ్చిన రామలింగారెడ్డి ఆ సభలోనే ఉండేవారు. 1923 నవంబరు 27న పానగల్లు రాజా మంత్రివర్గం మీద ఆయన పెట్టిన అవిశ్వాస తీర్మానం 44-65తో వీగిపోయింది. అది నెగ్గి ఉన్నా కూలేది మంత్రులే. జైళ్లను చూసే కార్యనిర్వాహక సభ్యుణ్ణి కదిలించే తీర్మానం ఆ చట్టంలోనే లేదు.

సంస్కరణకు మంచి కాగితం దొరికింది అంతకు కొంచెం ముందే. మద్రాసు సివిలియన్ సర్ అలెగ్జాండర్ కార్డ్యూ అధ్యక్షతన జైళ్ల కమిటీ 1920లో నివేదిక ఇచ్చింది. భయపెట్టడంతో పాటు మనిషిని బాగుచేయడమూ జైలు పనేనని అందులో ఉంది. ఆ వెంటనే జైళ్ల భారం రాష్ట్రాల మీదికి దిగింది. మెస్టన్ అవార్డు ప్రకారం మద్రాసు ఏటా కేంద్రానికి 348 లక్షల రూపాయలు కట్టాలి, దేశంలో అన్ని రాష్ట్రాలకన్నా అదే ఎక్కువ. జేబు ఖాళీ చేసి, బాధ్యత చేతిలో పెట్టారన్నమాట. ఆ ఇరుకులోనే బాలనేరస్థులకు 1925 బోర్‌స్టల్ పాఠశాలల చట్టం లాంటివి వచ్చాయి.

ఈలోగా జైళ్లలో చేరేవాళ్లు మారిపోయారు. 1908లోనే ‘స్వరాజ్య’ పత్రిక రాతలకు శిక్షపడిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు వేలూరు జైల్లో మామూలు నేరస్థులతో పాటే ఉన్నారు. 1921 డిసెంబరులో రాజాజీ అదే వేలూరు జైలుకు వెళ్లి, ఉన్న మూడు నెలలూ డైరీ రాసుకున్నారు. లాహోరు జైల్లో 63 రోజులు నిరాహారదీక్ష చేసి 1929 సెప్టెంబరు 13న విప్లవకారుడు జతీన్ దాస్ ప్రాణం విడిచాక, ప్రభుత్వం ఖైదీలను ఎ, బి, సి తరగతులుగా విడదీసింది. చదువు, హోదా, బతికిన తీరు చూసి కంచంలో ఏం వడ్డించాలో నిర్ణయించారు. సి తరగతిలో పడ్డది పల్లె నుంచి వచ్చిన బీదవాడే.

1937 జులైలో రాజాజీ ముఖ్యమంత్రిగా (అప్పట్లో ఆ పదవిని ప్రధానమంత్రి అనేవారు) కాంగ్రెస్ ప్రభుత్వం వచ్చింది. ఆర్థిక శాఖ రాజాజీ దగ్గరే. కోర్టులకు, జైళ్లకు విడిగా కె. రామన్ మీనన్ అనే మంత్రిని పెట్టారు. వేలూరు గోడల లోపల డైరీ రాసినాయనే ఇప్పుడు ఆ గోడల ఖర్చు సభ ముందు పెట్టాడు. రెవెన్యూ మంత్రి ప్రకాశం కూడా జైలు చూసొచ్చినవారే. ఎదుట కూర్చున్న సభ్యుల్లో ఎందరో వార్డర్లను పేరుపెట్టి పిలవగలవాళ్లు.

ఆ ప్రభుత్వపు మరో నిర్ణయం చిత్తూరు జిల్లాను నేరుగా తాకింది. 1937లో సేలంలో మొదలైన మద్యనిషేధం 1938 అక్టోబరు 1న చిత్తూరు, కడప జిల్లాలకు వచ్చింది. నిన్నటిదాకా వేలంపాటతో సర్కారుకు రాబడి తెచ్చిన కల్లు, సారా రాత్రికి రాత్రి నేరాలయ్యాయి. ఒకే కలంపోటుతో ఆబ్కారీ రాబడి పడిపోయింది, పట్టుబడ్డవాళ్లను పెట్టే ఖర్చు మొదలైంది. ఆ లోటు పూడ్చడానికే 1939లో రాజాజీ అమ్మకం పన్ను తెచ్చారు. మద్యనిషేధానికి, బడ్జెట్‌కు పడిన ఆ ముడి తర్వాత కూడా విడలేదు. 1954 నవంబరు 6న ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం ప్రభుత్వం ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది కూడా మద్యనిషేధం గొడవలోనే.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం విడిపోయినప్పుడు చిత్తూరువాళ్లకు తరతరాలుగా తెలిసిన వేలూరు సెంట్రల్ జైలు మద్రాసుకు మిగిలింది. బళ్లారి జైలు మైసూరుకు పోయింది. డచ్చివాళ్ల కోటలో వెలిసిన రాజమండ్రి జైలు కొత్త రాష్ట్రానికి పెద్ద దిక్కయింది. 1956లో ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అయిన నీలం సంజీవరెడ్డి 1940-45 మధ్య ఎక్కువ కాలం జైల్లోనే గడిపారు. ఆ తరం చేతుల్లో కొన్ని పనులు జరిగాయి. 1954లో హైదరాబాద్ దగ్గర మౌలాలీలో మొదలైన ఆరుబయలు జైలుకు తోడుగా, 1965లో అనంతపురం దగ్గర రెడ్డిపల్లిలో ఖైదీల వ్యవసాయ క్షేత్రం వచ్చింది. గోడ కట్టే ఖర్చు తగ్గి, పంట చేతికొచ్చే జైలు అది.

ఖర్చును చట్టసభ ఎలా ప్రశ్నించాలో దేశానికి చూపినవారిలో అప్పటి చిత్తూరు జిల్లా మనిషి ఒకరున్నారు. తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ 1940-44 మధ్య జైలు జీవితం గడిపారు. 1950లో పార్లమెంటు అంచనాల కమిటీ పెట్టినప్పుడు తొలి అధ్యక్షుడు ఆయనే. శాఖ అడిగిన ప్రతి రూపాయినీ అధికారుల ముందే తిప్పి చూడటం ఆ కమిటీ పని.

స్వాతంత్ర్యోద్యమ తరం సభల్లోంచి తప్పుకున్నాక, ఎమర్జెన్సీ తర్వాత జైలు చూసినవాళ్లు మరికొందరు అసెంబ్లీకి వచ్చారు. 1978లో ఉదయగిరి నుంచి గెలిచిన వెంకయ్యనాయుడు లాంటివాళ్లు వాళ్లే. దేశం మొత్తం జైళ్ల మీద ముల్లా కమిటీ వేసింది 1980లో. అది ఆకస్మికం కాదు.

ఇప్పుడు ఈ పద్దు సభలో ఎలా నడుస్తుందో దగ్గరగా చూడాలి. బడ్జెట్ పుస్తకాల్లో దీని నంబరు 2056. కింద పాలన, జైళ్లు, జైలు ఉత్పత్తులు అని విడివిడి పద్దులుంటాయి. వాటి లోపల జీతాలు, ప్రయాణ భత్యాలు, ఆఫీసు ఖర్చులు, తిండి ఖర్చు వరసగా వస్తాయి. ఖైదీలు నేసిన దుప్పట్లు, చేసిన బల్లలు అమ్మితే వచ్చిన డబ్బు 0056 కింద రాబడిలో పడుతుంది, నేరుగా జైలు వంటింటికి రాదు.

అసలు బేరం సభలో జరగదు. జైళ్ల శాఖ నెలల ముందే తన అంచనా పంపుతుంది, ఆర్థిక శాఖ కోస్తుంది, సచివాలయంలోనే అంకె తేలిపోతుంది. సభ ముందుకొచ్చాక సభ్యుడి చేతిలో మిగిలేది కోత తీర్మానం. రాజ్యాంగం 203వ అధికరణం ప్రకారం గవర్నరు సిఫార్సు లేనిదే గ్రాంటు అడగడానికి లేదు. కాబట్టి సభ ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు, తగ్గించవచ్చు. ఒక్క రూపాయి పెంచడానికి లేదు. జైల్లో తిండి బాగాలేదని, డాక్టరు లేడని చెప్పదలచిన ఎమ్మెల్యే కూడా ‘ఈ పద్దులో వంద రూపాయలు తగ్గించాలి’ అని తీర్మానం ఇవ్వాల్సిందే. అది నెగ్గితే ప్రభుత్వం ఓడినట్టే లెక్క గనుక పాలకపక్షం నెగ్గనివ్వదు. సమయం అయిపోతే గిలెటిన్ పడుతుంది. మిగిలిన పద్దులన్నీ చర్చ లేకుండానే మూజువాణి ఓటుతో గట్టెక్కుతాయి. ద్రవ్య వినిమయ బిల్లుతో కథ ముగుస్తుంది.

ఇంత వేగంగా దాటినా అంకె చిన్నది కాదు. ఇండియా జస్టిస్ రిపోర్టు 2025 లెక్కల్లో ఒక్కో ఖైదీ మీద ఏడాదికి అందరికన్నా ఎక్కువ, రెండున్నర లక్షలు దాటి ఖర్చు చూపిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. అందులో ఖైదీ కంచందాకా వచ్చేదెంతో, జీతాలకూ భవనాలకూ పోయేదెంతో సభలో ఎవరో ఒకరు అడిగితే తప్ప జనానికి తెలియదు. ఇంకో తిరకాసుంది. రిమాండు ఖైదీని కోర్టుకు తీసుకెళ్లే ఎస్కార్టు పోలీసు పద్దులోది. అక్కడ మనుషులు చాలక వాయిదా తప్పితే, ఆ ఖైదీని మరికొన్నాళ్లు పోషించే ఖర్చు జైళ్ల పద్దులో పడుతుంది. 2022 చివరి నాటికి దేశంలోని 5,73,220 మంది ఖైదీల్లో నూటికి 75 మందికి పైగా విచారణ పూర్తికానివాళ్లే. శేషాచలం అడవుల్లో ఎర్రచందనం కేసుల్లో దొరికిన తమిళ కూలీలు ఈ జిల్లాల జైళ్లకు కొత్తేమీ కాదు. ములాఖత్‌కు రావాలన్నా వాళ్ల ఇంటివాళ్లకు రాష్ట్రం దాటాలి.

సభ అడగని ప్రశ్నలు కోర్టులు అడిగాయి. 1977 మేలో కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలు మీద బాంబులు పడి, లోపలున్న తండ్రీకొడుకుల్లో తండ్రి చనిపోయాడు, కొడుకు గాయపడ్డాడు. ప్రాణాపాయముందని వాళ్లు ముందే మొత్తుకున్నా కాపలా పెంచలేదు. ఇది సార్వభౌమాధికారం కింద చేసిన పని, పరిహారం కట్టబోమని రాష్ట్రం వాదించింది. చల్లా రామకృష్ణారెడ్డి కేసుగా పేరుపడ్డ ఆ వ్యాజ్యంలో 2000లో సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసి, హైకోర్టు ఇచ్చిన 1,44,000 రూపాయల పరిహారాన్ని ఖాయం చేసింది. కాపలా మీద మిగుల్చుకున్నదానికి ఇరవై మూడేళ్ల తర్వాత కట్టిన మూల్యం అది.

వేరే దారులు లేకపోలేదు. కేరళ శాసనసభ 1980లోనే విషయ కమిటీలు పెట్టుకుంది. పద్దులన్నీ ముందు వాటి దగ్గరికి పోయి, అధికారులను అడిగి తేల్చుకున్నాకే సభకు వస్తాయి. అమెరికాలో కాలిఫోర్నియా గవర్నరు జనవరిలో బడ్జెట్ పెట్టి, మే నెలలో సవరిస్తాడు. జూన్ 15 లోపు శాసనసభ దాన్ని తేల్చాలి, అంకెలు పెంచే హక్కూ సభకుంది. జైలు ఖర్చును లెక్కగట్టి చెప్పడానికి పార్టీలతో సంబంధంలేని ఆఫీసు 1941 నుంచీ ఉంది. అయినా జైళ్లు కిక్కిరిసి, 2011లో అమెరికా సుప్రీంకోర్టు జోక్యంతోనే అక్కడ ఖైదీల సంఖ్య తగ్గించాల్సి వచ్చింది.

మన దగ్గర ఉన్న అడ్డంకి ఇంకా మొరటుది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 62(5) ప్రకారం జైల్లో ఉన్నవాడికి, శిక్ష పడినా పడకపోయినా, ఓటు లేదు. ముందుజాగ్రత్త నిర్బంధంలో ఉన్నవారికి మాత్రమే మినహాయింపు. అదే రిమాండు ఖైదీ ఎన్నికల్లో పోటీ మాత్రం చేయొచ్చు. ఓటులేనివాడి కంచం గురించి అడిగితే ఏ నాయకుడికీ ఒరిగేదేమీ లేదు.

కాబట్టి అడగాల్సింది బయట ఉన్నవాళ్లే. ఐరాల ఉన్నది పూతలపట్టు నియోజకవర్గంలో. ఇక్కడి ఎమ్మెల్యే గొంతూ ఆ మూజువాణి ఓటులో కలుస్తుంది. వచ్చే బడ్జెట్ సమావేశాలకు ముందు ఆయన్నుగానీ, మీ ఊరి ఎమ్మెల్యేనుగానీ మూడు సంగతులు అడగండి. చిత్తూరు జైల్లో ఎంతమందికి చోటుంది, ఎంతమంది ఉన్నారు? తిండి పద్దు కింద ఒక్కో ఖైదీకి రోజుకు ఎంత పడుతోంది? జైళ్ల పద్దును సభకు ముందు ఒక కమిటీ చేత చూపించాలని ఆయన అడుగుతారా, అడగరా?