వంటగది చిమ్నీ

వంటగది చిమ్నీ పొయ్యి పైన అమర్చే విద్యుత్ యంత్రం. వంటలో పుట్టే పొగ, నూనె తుంపర, వేడి, వాసన గదంతా పరుచుకోకముందే లాగి, గొట్టం ద్వారా ఇంటి బయటికి పంపడం దీని పని. అమెరికాలో రేంజ్ హుడ్ అనీ, బ్రిటన్‌లో కుకర్ హుడ్ అనీ అంటారు. గోడలకు జిడ్డు పట్టకుండా కాపాడే సౌకర్యంగానే మన ఇళ్లలో దీనికి పేరు. నిజానికి ఇది ముందుగా కాపాడాల్సింది వంట చేసేవారి ఊపిరితిత్తులను.

గోడకు బిగించే ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా ఇదే పని చేస్తుందనుకుంటారు కానీ రెండింటి తీరు వేరు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ గదిలో కలిసిపోయిన పొగను మెల్లమెల్లగా పలచబరుస్తుంది. ఈలోగా పొయ్యి దగ్గర నిలబడ్డవారు ఆ పొగ పీలుస్తూనే ఉంటారు. చిమ్నీ పొగను పుట్టినచోటే అందుకుంటుంది.

వంటలో పుట్టేవి

పొగకు మూలాలు రెండు: మంట, వంటకం. 14.2 కిలోల గ్యాస్ సిలిండర్ ఒకటి పూర్తిగా మండితే 40 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. 20 లీటర్లకు పైబడిన నీరు ఆవిరిగా గదిలో చేరుతుంది. వంటింటి గోడలు చెమర్చడానికి ఇదొక కారణం. వీటితోపాటు నైట్రోజన్ డయాక్సైడ్, కొద్దిపాటి కార్బన్ మోనాక్సైడ్ వెలువడతాయి. ఇండక్షన్ పొయ్యిలో మంట లేదు కాబట్టి ఈ వాయువులు ఉండవు. అయితే వేపుడు పొగకు ఏ పొయ్యి అయినా ఒకటే. నూనె బాగా కాగినప్పుడు అక్రోలీన్ వంటి ఘాటైన రసాయనాలు, కంటికి కనిపించనంత సన్నని కణాలు గాలిలోకి లేస్తాయి. అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ ఎక్కువ వేడి మీద వేయించేటప్పుడు వచ్చే పొగను మనుషుల్లో కేన్సర్ కలిగించే అవకాశం బలంగా ఉన్నవాటి జాబితాలో చేర్చింది.

తెలుగువారి వంటలో అసలు పరీక్ష పోపు. ఆవాలు చిటపటలాడాక ఎండుమిరపకాయలు తుంచి వేస్తే, వాటిలోని క్యాప్సైసిన్ నూనె తుంపరతో కలిసి పైకి లేస్తుంది. ముక్కు, గొంతు లోపలి నరాల్లో ఉండే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని అది తాకగానే కాలినట్టు అనిపిస్తుంది. దగ్గు, తుమ్ములు, కళ్ల నీళ్లు దాని వెంటే వస్తాయి. ఈ గ్రాహకాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి దక్కింది. పోపు నిమిషంలో అయిపోతుంది. దాని ఘాటు మాత్రం పడకగది దాకా వెళ్లి చాలాసేపు ఉంటుంది. ఘాటు వచ్చాక చిమ్నీ వేసి లాభం లేదు. పొయ్యి వెలిగించేటప్పుడే వేయాలి, వంట ముగిశాక కూడా పది, పదిహేను నిమిషాలు నడవనివ్వాలి.

కట్టెల పొయ్యి నాటి నుంచి

పెంకుటిళ్లలో పొగ పెంకుల సందుల్లోంచి, చూరు కిందనుంచి తనంతట తాను పోవాల్సిందే. దూలాలు మసిబారేవి. ఊదుగొట్టం పట్టుకుని పొయ్యి ముందు కూర్చున్న ఆడవాళ్ల కళ్లు ఎర్రబడేవి. కేంద్ర ప్రభుత్వం 1980ల మొదట్లో మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం చేపట్టి, పొగగొట్టం ఉన్న పొయ్యిలను ఊరూరా పంచింది. గొట్టాల్లో మసి పేరుకున్నా, పగుళ్లు వచ్చినా పట్టించుకునే ఏర్పాటు లేక వాటిలో చాలా మూలబడ్డాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైన దీపం పథకం, దేశవ్యాప్తంగా 2016లో వచ్చిన ఉజ్వల యోజన పేద ఇళ్లకు గ్యాస్ తెచ్చాయి.

ఈ మార్పు విలువ ఎంతో చెప్పే కొలతలు మన పల్లెల్లోనే దొరికాయి. నిజామాబాద్, వరంగల్, రంగారెడ్డి జిల్లాల గ్రామీణ ఇళ్లలో జరిపిన అధ్యయనం 2004లో ప్రచురితమైంది. ఊపిరితిత్తుల లోపలి దాకా వెళ్లగల ధూళి 24 గంటల సగటున కట్టెలు, పిడకల వంటి ఘన ఇంధనం వాడే ఇళ్లలో ఘనపు మీటరుకు 732 మైక్రోగ్రాముల దాకా ఉంటే, గ్యాస్ ఇళ్లలో 73 ఉంది. ఇంధనం మార్చితే వచ్చే మేలు ఏ చిమ్నీ వల్లా రాదు. అయితే గ్యాస్ ఇళ్లలోనూ ధూళి పూర్తిగా పోలేదన్నది గమనించాలి.

పనిచేసే తీరు

పొయ్యి మీది వేడిగాలి నిటారుగా లేస్తూ, పైకి పోయేకొద్దీ వెడల్పవుతుంది. చిమ్నీ నోరు ఆ వెడల్పుకు సరిపోవాలి. అందుకే రెండు మూడు బర్నర్ల పొయ్యికి 60 సెంటీమీటర్లది, నాలుగైదు బర్నర్లకు 90 సెంటీమీటర్లది వాడతారు. పొయ్యికీ చిమ్నీకీ మధ్య సాధారణంగా 65 నుంచి 75 సెంటీమీటర్ల ఎడం ఉండాలి. ఇంకా పైకి బిగిస్తే పొగ పక్కలకు జారిపోతుంది, మరీ కిందికి దించితే జాలీలోని జిడ్డుకు మంట అంటుకునే ప్రమాదముంది.

పెట్టె మీద రాసే గంటకు 1200, 1500 ఘనపు మీటర్ల లాగుడు శక్తిని చూసి కొనేవారు ఎక్కువ. ఆ అంకె ఒక్కటే చూస్తే మోసపోతాం. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల పరిశోధకులు 2012లో ప్రచురించిన పరీక్షల్లో, పొగను పట్టుకునే సామర్థ్యం 15 శాతం కన్నా తక్కువ నుంచి 98 శాతం పైదాకా తేడా చూపింది. ముందు వరుస బర్నర్ల కన్నా గోడ వైపు బర్నర్ల పొగ బాగా అందింది. వేపుడు మూకుడు వెనక బర్నర్ మీద పెడితే పైసా ఖర్చు లేకుండా లాభం.

ఎక్కువగా దెబ్బతినేది గొట్టం దగ్గరే. ఆరు అంగుళాల గొట్టం బదులు నాలుగు అంగుళాలది వేస్తే వైశాల్యం సగానికన్నా తగ్గిపోతుంది, అంతే గాలిని నెట్టడానికి ఎదురయ్యే నిరోధం ఏడు రెట్లు దాటుతుంది. మోటారు రొద పెరుగుతుంది, పొగ మాత్రం కదలదు. వంపులు, ముడతలు పడ్డ అల్యూమినియం గొట్టం కూడా ఇదే తంటా తెస్తాయి. అపార్ట్‌మెంట్లలో గొట్టాన్ని మూసి ఉన్న డక్టులోకి వదిలి చేతులు దులుపుకుంటే మన పోపు పై అంతస్తువారి వంటింట్లో తేలుతుంది.

బయటికి వెళ్లినంత గాలి లోపలికి రావాలి. తలుపులు, కిటికీలు బిగించి చిమ్నీ నడిపితే గదిలో ఒత్తిడి తగ్గి లాగుడు మందగిస్తుంది. దగ్గర్లో గ్యాస్ గీజర్ ఉంటే దాని పొగ ఇంట్లోకే వెనక్కి తిరిగే ప్రమాదం ఉంది. కాబట్టి పొయ్యికి కాస్త దూరంగా ఉన్న కిటికీ కొద్దిగా తెరిచి ఉంచాలి.

రకాలు, శుభ్రత

జాలీ ఫిల్టర్ చవక, కానీ మన నూనె వంటలకు త్వరగా పూడుకుపోతుంది. వంపు పలకల బాఫిల్ ఫిల్టర్‌లో గాలి మలుపు తిరిగేటప్పుడు బరువైన నూనె చుక్కలు పలకలకు అంటుకుని కిందికి కారతాయి. మన వంటకు ఇదే నయం. వేడితో జిడ్డును కరిగించి గిన్నెలోకి దించే ఆటో క్లీన్ రకాల్లోనూ ఆ గిన్నె ఖాళీ చేయాలి, ఫిల్టర్ ఉంటే కడగాలి.

గొట్టం లేని చిమ్నీ బొగ్గు ఫిల్టర్‌తో వాసన తగ్గించి, గాలిని మళ్లీ గదిలోకే వదులుతుంది. కార్బన్ మోనాక్సైడ్‌ను, తేమను అది ఆపలేదు. అమెరికా అపార్ట్‌మెంట్లలో పొయ్యి పైన ఉండే మైక్రోవేవ్‌లలో చాలావాటి ఫ్యాన్లు ఈ కోవలోవే. పోపు పెట్టగానే స్మోక్ అలారం మోగడం అక్కడి తెలుగు కుటుంబాలకు బాగా తెలిసిన సంగతి. గ్యాస్ పొయ్యి ఉన్న ఇంటికి గొట్టం లేని చిమ్నీ సరిపోదు.

హోటళ్ల వంటశాలల్లో గొట్టం లోపల పేరుకునే జిడ్డే పెద్ద ప్రమాదం. బాణలి మంట ఒక్కసారి అక్కడికి ఎగబాకితే భవనం పైదాకా పాకుతుంది. అమెరికా అగ్నిభద్రతా ప్రమాణం ఎన్ఎఫ్‌పీఏ 96 ప్రకారం జిడ్డు ఫిల్టర్లను కనీసం 45 డిగ్రీల వాలుతో అమర్చాలి, గొట్టాన్ని క్రమం తప్పకుండా తనిఖీ చేయించాలి.

కొత్తగా ఇల్లు కట్టేవారు చిమ్నీ ఏది కొనాలా అని తర్వాత ఆలోచించవచ్చు. ముందు పొయ్యి వెనక బయటి గోడలో ఆరు అంగుళాల గొట్టానికి దారి వదలమని మేస్త్రీకి చెప్పండి.