ఆంగ్లక్రియలు – ఉపసర్గ వివేకము

ఆంగ్లభాషాధ్యయనమున మన విద్యార్థులకు మిక్కిలి క్లేశము గలిగించు విషయములలో క్రియకు వెనుక వచ్చు చిన్న అవ్యయముల ప్రయోగ మొకటి. ‘రన్ అప్ ది హిల్’ అనగా కొండపైకి పరుగెత్తుట. ‘రన్ అప్ ఎ బిల్’ అనగా బాకీ పెంచుకొనుట. మొదటిదానిలో ‘అప్’ అనునది నామముతో అన్వయించును; రెండవదానిలో క్రియతో గలిసి క్రొత్త యర్థము నిచ్చును. కనుకనే ‘రన్ ఎ బిల్ అప్’ అనవచ్చును గాని ‘రన్ ది హిల్ అప్’ అనరాదు.

ఈ కూర్పునకు దీర్ఘమైన చరిత్ర గలదు. ప్రాచీనాంగ్లమున ఇట్టి అవ్యయములు పెక్కుచోట్ల క్రియకు ముందు నిలిచెడివి. 1066 నాటి నార్మన్ విజయమునకు తరువాతి శతాబ్దములలో వాక్యక్రమము మారి, అవి క్రియకు వెనుక నిలుచుట స్థిరపడెను. పూర్వపద్ధతి ‘అప్‌హోల్డ్’, ‘విత్‌స్టాండ్’ వంటి మాటలలో నేటికిని మిగిలియున్నది. ‘అప్‌హోల్డ్’ అనగా సమర్థించుట. ‘హోల్డ్ అప్’ అనగా తరచుగా ఆటంకపరచుట. అవయవము లవియే, స్థానముతో పాటు అర్థమును వేరయ్యెను.

1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువు పీఠికయందు, విదేశీయులకు ఈ కూర్పు మిక్కిలి కష్టమని గుర్తించి, అట్టి పదబంధములను శ్రద్ధతో సేకరించితినని తెలిపెను. ‘ఫ్రేజల్ వెర్బ్’ అను పేరు మాత్రము 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ గ్రంథము వలన ప్రచారమునకు వచ్చినది. అది హెన్రీ బ్రాడ్లీ సూచించిన పేరని ఆయనయే చెప్పెను.

పేరు క్రొత్తదైనను వివేకము క్రొత్తది కాదు. పాణిని అష్టాధ్యాయి ప్రథమాధ్యాయ చతుర్థపాదమున ప్రాదులకు క్రియాయోగమున ఉపసర్గసంజ్ఞను, ‘అను’, ‘ప్రతి’ మున్నగువానికే అర్థవిశేషములందు కర్మప్రవచనీయసంజ్ఞను విధించెను. కర్మప్రవచనీయము నామముతో అన్వయించి దాని విభక్తిని నిర్ణయించును. ఉపసర్గ ధాతువునకు ముందు నిలువవలెననియు, వేదమున వెనుకను వ్యవధానముతోను గూడ రావచ్చుననియు ఆయన చెప్పెను. ఆంగ్లవ్యాకరణము పాణిని ననుసరించెనని మా యభిప్రాయము కాదు. సగోత్రములైన ఆ రెండు భాషలకును ఒకే ప్రశ్న యెదురైనదని మాత్రమే మా తాత్పర్యము.

తెలుగు అన్యకుటుంబమునకు చెందినది. మన విభక్తిప్రత్యయములు నామమునకు వెనుక వచ్చును. అందుచే మన విద్యార్థి ‘అప్’ కనబడిన ప్రతిచోటను ‘పైకి’ అని అర్థము చెప్పుకొనును. అయినను ఆహార, విహార, సంహార శబ్దములలో ఒకే ధాతువు ఉపసర్గభేదమున అర్థాంతరము నొందుట అతడు చిన్ననాటనే యెరిగియున్నాడు. పట్టికలు వల్లెవేయించుటకు ముందు, అవ్యయము క్రియకు చెందినదా, నామమునకు చెందినదా యని యడిగించుట ఉచితము. ఆ ప్రశ్న వేయ నేర్చినవాడు పట్టికలో లేని పదబంధమునకు గూడ జంకడు.