ఎటెమ్ముకు తెలుగేమిటి?

మొన్న ఒక దోస్తు బాబిలోన్ తారీఖ్ మీద తాను చేసిన తర్జుమా పంపి, ఒకసారి చూడమన్నాడు. తెలుగు సాఫ్‌గా ఉంది. చనిపోయినవాళ్ళ ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా “ఆత్మ” అని రాశాడు. రెండు పేజీలు దాటాక ఆ ఆత్మకు ఆకలేసింది. ఇంకో పేజీ తిప్పితే దాహమేసింది. అక్కడ ఆగిపోయాను. ఆత్మకు ఆకలేమిటి జనాబ్? నిప్పు కాల్చలేనిది, నీరు తడపలేనిది అని మన పక్కింటి పంతులుగారు చెప్పే ఆత్మ ఇదేనా?

మట్టిపలకల మీద ఉన్న అసలు లఫ్జ్ “ఎటెమ్ము”. అది అక్కదీ భాష. అంతకన్నా పాతదైన సుమేరు భాషలో “గిదిమ్”. ఇన్సాన్ పోయాక మిగిలేది ఎటెమ్ము. అది మట్టి కింది లోకంలో ఉంటుంది, పైనున్న బిడ్డలు పెట్టేదే తింటుంది. వేళకు అన్నం పెట్టి నీళ్ళు పోసే ఆ రస్మ్ పేరు “కిస్పు”. పెట్టవలసినవాడు “పాఖిదు”, మామూలుగా పెద్దకొడుకు. గిల్గమేష్ కథకు చెందిన సుమేరు కవితలో ఎన్కిదూ కింది లోకం ఖబర్లు చెబుతాడు. ఒక్క కొడుకున్నవాడు అక్కడ ఏడుస్తున్నాడట, ఏడుగురున్నవాడు దేవతల సరసన కూర్చున్నాడట. అదే కథ అక్కదీ రూపంలో, 12వ పలక చివర, ఎవరూ లేనివాడి హాల్ ఉంది. వాడు గిన్నెల అడుగు గోకుళ్ళూ, వీధిలో పారేసిన రొట్టెముక్కలూ తింటాడు.

ఇది ఖాళీ కథల మాట కాదు. క్రీ.పూ. 17వ శతాబ్దంలో, హమ్మురాబీ వంశపు అమ్మిసదూఖా కాలంలో రాసిన ఒక పలక ఉంది. అందులో తాతముత్తాతల పేర్లన్నీ వరసగా చదివి కిస్పుకు పిలుస్తారు. ఆఖర్న, కొలువులో ప్రాణాలొదిలిన సిపాయిల్నీ, తూర్పు నుంచి పడమర దాకా చూసుకునే దిక్కులేని మరహూములందర్నీ వచ్చి తినమంటారు, తాగమంటారు. నాకు ఆ పలకలో రాజుల పేర్ల కన్నా ఈ ఆఖరి దావతే ముఖ్యంగా కనిపిస్తుంది.

ఇక దుష్మనీ ఎలా ఉండేదో చూడండి. క్రీ.పూ. 647 ప్రాంతంలో అసీరియా బాద్‌షా అషూర్‌బనిపాల్ సూసాను ధ్వంసం చేశాడు. ఇరాన్‌లోని నేటి షూష్ అదే. అక్కడి రాజుల సమాధులు తవ్వి ఎముకలు తన దేశానికి ఎత్తుకుపోయాడు. వాళ్ళ ఎటెమ్ములకు సుకూన్ లేకుండా చేశాననీ, తిండీ నీళ్ళూ ఆపేశాననీ శాసనంలో గర్వంగా రాయించుకున్నాడు. ఇక్కడ “ఆత్మలకు శాంతి లేకుండా చేశాడు” అని తర్జుమా చేస్తే సంతాపసభ వాక్యంలా ఉంటుంది. జరిగింది అది కాదు, చచ్చినవాళ్ళను ఆకలితో మాడ్చడం.

సరే, ఆత్మ కుదరదు. మన రూహ్? ముసల్మాన్ కలం కదా, చెయ్యి ముందు అటే పోతుంది. లేకిన్ రూహ్ గురించి అడిగితే అది నా రబ్ ఆజ్ఞకు సంబంధించిందని చెప్పమంది ఖురాన్ (17:85). దానికి రొట్టెముక్కలు ఏరుకునే పని అంటగట్టడం గలత్. మన ఇళ్ళల్లో షబే బరాత్‌కి హల్వా చేసి ఫాతిహా ఇస్తారు. దానిమీద ఉలమాలో బహస్ ఉంది, ఆ గొడవ ఇప్పుడొద్దు. ఫాతిహా ఇప్పించే నానీ కూడా మరహూమ్ వచ్చి హల్వా తింటాడనుకోదు, సవాబ్ చేరాలని దువా చేస్తుంది. నఫ్స్ అందామా? దాని చుట్టం అక్కదీలోనే ఉంది, “నపిష్తు”. ఊపిరి, ప్రాణం, గొంతు అని దానికి అర్థాలు. బతికున్నవాడిలో ఉన్నది నపిష్తు, పోయినవాడు ఎటెమ్ము. వాళ్ళే విడదీసి పెట్టుకున్న రెంటిని మనం కలపకూడదు.

దయ్యం ఒక్కచోట బాగా అతుకుతుంది. బాబిలోన్ వైద్యులు కొన్ని జబ్బులకు “ఎటెమ్ము చెయ్యి” అని పేరు పెట్టారు, చెవిలో హోరు కూడా అందులో ఒక నిషానీ. అక్కడ “దయ్యం సోకింది” అంటే ఊళ్ళో అందరికీ అర్థమవుతుంది. కానీ కిస్పుకు పిలిచిన తాతను దయ్యం అంటామా? తమాషా ఏమిటంటే దయ్యం దైవానికి వికృతి అని బళ్ళో చదువుకున్నాం. బైబిల్ సమూయేలు మొదటి గ్రంథం 28వ అధ్యాయంలో సమూయేలు భూమిలోంచి లేచి వస్తుంటే, ఏం కనిపిస్తోందని అడిగితే ఆ స్త్రీ చెప్పిన హీబ్రూ మాట “ఎలోహిమ్”. అంటే దైవమే.

ఇన్సాఫ్‌గా చెప్పాలంటే దగ్గరి మాటలు హిందూ ఇళ్ళల్లోనే ఉన్నాయి. పిండం, తర్పణం, ప్రేతం, పితరులు. ఆకలిగొన్న ఎటెమ్ము ప్రేతానికి దగ్గర, వేళకు అందుకునే ఎటెమ్ము పితరులకు దగ్గర. అయినా పూర్తిగా ఒకటి కావు. సపిండీకరణం జరిగితే ప్రేతం పితరుల్లో కలుస్తుంది, పేరే మారుతుంది. బాబిలోన్‌లో తిన్నా మాడినా పేరు ఒకటే. మళ్ళీ పుట్టడమన్న ఖయాల్ కూడా అక్కడ లేదు.

ఈ పట్టింపు ఎందుకంటారా? మన ఇంటి మాటకే చూద్దాం. అజ్ఞానకాలపు అరబ్బులు, ఖత్ల్ అయినవాడి పగ తీరకపోతే అతని తలలోంచి “హామా” అనే పిట్ట బయటికొచ్చి, దాహం తీర్చమని సమాధి మీద అరుస్తుందని నమ్మేవాళ్ళు. హంతకుడి నెత్తురు పడితేనే ఆ దాహం తీరేది. సహీహ్ బుఖారీ హదీసులో హామా లేదని వస్తుంది. ఇంటి మీద వాలితే అపశకునమనుకునే గుడ్లగూబ అది అని చెప్పిన ఉలమా కూడా ఉన్నారు. కానీ తెలుగులో ఉట్టి “గుడ్లగూబ లేదు” అని రాసి వదిలేస్తే, చదివే పిల్లాడు చెట్టు మీదున్నది మరేమిటని అడుగుతాడు. తాతల దాహమని చెప్పి తరతరాలు నరుక్కున్న ఖబీలాల సంగతి వాడికి అందదు.

దోస్తు ప్రతిలో “ఆత్మ”లన్నీ కొట్టేసి ఎటెమ్ము అని రాశాను. మొదటిసారి వచ్చినచోట కింద ఒక వాక్యం చేర్చాను: చనిపోయినవాడు, బిడ్డలు పెడితే తింటాడు. చెవి హోరు దగ్గర మాత్రం దయ్యం ఉండనిచ్చాను.