రంగూను పోయిన తెలుగువారు

ఆంధ్రులకు సముద్రయానము క్రొత్తది కాదు. శాతవాహన ప్రభువగు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై రెండు కొయ్యల నావ బొమ్మ కలదు. కాకతీయ గణపతిదేవుడు 13వ శతాబ్దిలో మోటుపల్లి రేవున అభయశాసనము వేయించి పరదేశ వర్తకులకు రక్షణ నొసగెను. ఈ సంగతులు మన చరిత్ర గ్రంథములలో పలుమారులు చెప్పబడినవి. అయితే ఆ నావలపై పోయినవారు వర్తకులు, నావికులు. పొలము దున్నుకొని బ్రతుకు సామాన్యుడు సముద్రమును దాటిన కథ వేరు. మారిషస్, నేటాలు మున్నగు దూరదేశములకు ఒడంబడిక కూలీలుగా పోయినవారు కొందరు గలరు. కాని వేలకొలదిగా పోవుచు, వచ్చుచు, మరల పోవుచు తెలుగు పల్లెలవారు తమదిగా నెరిగిన పరదేశ నగర మొక్కటియే. అది రంగూను. ఉత్తరాంధ్ర పల్లెలలో దానికి రంగమని పేరు.

ఆ నగరము మిక్కిలి పాతది కాదు. 1755లో అలౌంగ్‌పయా అను బర్మా రాజు దగోనను చిన్న ఊరిని గెలిచి దానికి యాంగోనని పేరు పెట్టెను. 1852లో జరిగిన రెండవ బర్మా యుద్ధమున ఆంగ్లేయులు దానిని వశపరచుకొని, సూలే పగోడాను నడుమ నుంచుకొని, చదరంగపు గళ్ళవలె తిన్నని వీథులు తీర్చిరి. 1869లో సూయజు కాలువ తెరువబడినంతట బర్మా బియ్యమునకు ఐరోపా ఖండమున గిరాకి పెరిగెను. ఐరావతీ నదీముఖమందలి అడవులు నరుకబడి వరిపొలము లయ్యెను. బర్మా రైతులు ఆ క్రొత్త భూములవైపు తరలిరి. రేవున బస్తాలు మోయుటకు, బియ్యపు మిల్లులలో పనిచేయుటకు, కోతమిల్లులలో దుంగలు దొర్లించుటకు చాలినంతమంది దొరకలేదు. ఆ కొరత బంగాళాఖాతమున కావలనున్న మన తీరమునుండి తీరినది.

మన తీరమున అప్పుడు కూలికి కొరత లేదు, పనికే కొరత. గోదావరి ఆనకట్ట 1852లో పూర్తియై డెల్టా పచ్చబడినను, దానికి ఉత్తరమున విశాఖపట్టణము, గంజాము జిల్లాలలో సేద్యము వానపై ఆధారపడి యుండెను. 1876 నుండి 1878 వరకు దక్షిణ భారతమును పీడించిన మహాక్షామము, తరువాత గంజాములో పలుమారులు వచ్చిన కరవులు పల్లెలను కుంగదీసెను. కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము, గోపాలపురము రేవులలో బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీవారి పొగయోడ లాగుచుండెను. 1856లో కలకత్తా రంగూనుల నడుమ తపాలా మోయుటకు పుట్టిన ఆ కంపెనీ, కొలది కాలములోనే బంగాళాఖాత తీరమునంతటిని తన దారిగా చేసికొన్నది.

అదే శతాబ్ది చివర మరియొక దారియు తెరువబడినది. 1890 తరువాత తూర్పుతీరమున ఇనుపదారి పడెను. 1900 నాటికి ఖరగ్‌పూర్ బంగాళ నాగపూర్ రైల్వేకు ప్రధానమగు జంక్షనయ్యెను. వెనువెంటనే కార్ఖానా వచ్చెను. ఉత్తరాంధ్ర జిల్లాలవారు అనేకులు ఆ కార్ఖానాకు వచ్చి చేరిరి. కాగా, ఒకే ప్రాంతపు పల్లెలనుండి కొందరు పడవయెక్కి రంగూనుకు, కొందరు రైలెక్కి ఖరగ్‌పూరునకు పోయిరి. నేడు ఖరగ్‌పూర్, సాలువా ప్రాంతముల నున్న తెలుగువారికి రంగూను కథ పరాయి కథ కాకపోవుటకు కారణ మిదియే.

బర్మావారు తెలుగువానిని కోరంగీ యని పిలిచిరి. యానాము దాపున నున్న కోరంగి ఒకనాడు ఓడల నిర్మాణమునకు పేరుమోసిన రేవు. 1839లో వచ్చిన ఉప్పెనతో ఆ వైభవము పోయెను. ఊరి వైభవము సమసినను దాని పేరు సముద్రమునకు ఆవలి గట్టున ఒక జాతికి పేరుగా నిలిచినది.

ఈ ప్రయాణమునకు ఒంటరిగా బయలుదేరినవాడు అరుదు. ఒక ఊరివారు, ఒక వీథివారు, దాయాదులు, ఈడుజోడు చెలికాండ్రు జట్టుకట్టి పోయెడివారు. జట్టునకు మేస్త్రీ పెద్ద. అతడును ఆ ప్రాంతమువాడే. లోగడ రంగము పోయి వచ్చినవాడు. చేత నాలుగు రూకలతో తిరిగివచ్చిన మేస్త్రీ మాటకు కరవు కాలమున ఊరిలో ఎంత విలువ యుండునో ఊహింపవచ్చును. ఓడ టిక్కెట్టునకు, ఇంట విడిచిపోవువారి గ్రాసమునకు అతడు బయానా ఇచ్చును. ఆ సొమ్మును అతనికి పెద్ద మేస్త్రీ ఇచ్చును. పెద్ద మేస్త్రీకి కంట్రాక్టరు ఇచ్చును. కాగితముపై వ్రాత తక్కువ, నోటిమాట ఎక్కువ. అప్పు ఎగవేయు తలంపు వచ్చినను, మేస్త్రీ ఎరుగని ఊరు లేదు, ఇల్లు లేదు. తోడివాడు పోవుచున్నాడను ధైర్యమే ఇల్లు కదలించినది. ఆ తోడే అప్పునకు జామీను కూడ నయ్యెను. రంగూను వలసలోని మేలును కీడును ఈ యొక్క విషయమునందే ఇమిడి యున్నవి.

విశాఖపట్టణమున లోతు రేవు 1933లో గాని తెరువబడలేదు. అంతకుముందు ఓడ తీరమునకు దూరముగా లంగరు వేయును. జనులు మసూలా పడవలలో కెరటములను దాటి పోయి ఓడ నెక్కవలెను. పొలము గట్టు తప్ప మరియొకటి ఎరుగని పడుచువానికి ఆ మొదటి గడియయే అన్నిటికన్న గట్టి పరీక్ష. పిమ్మట కొన్ని దినములు డెక్కుపై కాపురము. పైన ఎండ వాన, ప్రక్కన మూటలు, పశువులు, బుట్టలు. ఒకని తల తిరిగిన మరియొకడు నీళ్ళిచ్చును. ఒకడు చోటు కాయుచుండగా మరియొకడు వంట చూచుకొనును. జట్టు లేనివానికి డెక్కుపై చోటు దక్కుటయే కష్టము.

ఈ డెక్కు ప్రయాణమును సాహిత్యమున నిలిపిన మహనీయుడు శరత్‌చంద్ర చట్టోపాధ్యాయుడు. ఆయన 1903లో రంగూను పోయి, అచ్చట ప్రభుత్వ లెక్కల కార్యాలయమున గుమాస్తాగా పనిచేసి, 1916లో వంగదేశమునకు మరలెను. శ్రీకాంత నవల రెండవ భాగమున ఓడ ప్రయాణము, రేవున ప్లేగు భయముచే బీద ప్రయాణికులు పడిన పాట్లు వర్ణింపబడినవి. శరద్బాబును తమ రచయితగానే భావించిన తెలుగు పాఠకులలో, ఆ డెక్కుపై నున్నవారిలో తమ తాతలును ఉండవచ్చునని తలచినవారు ఎందరో తెలియదు. తెలుగు రంగస్థలముమీద రంగూను పేరు ‘రంగూన్ రౌడీ’ నాటకమువలన మారుమ్రోగెను గాని, బస్తా మోసినవాని బ్రతుకునకు మనలో అట్టి చిత్రకారుడు లభింపలేదు.

ఓడ నదిలో ప్రవేశించి ఎగువకు సాగగా, దూరమున ష్వేడగోన్ పగోడా బంగారు శిఖరము కానవచ్చును. దిగినంతనే వైద్య పరీక్ష, టీకాలు. తరువాత నగరము. 1906 నుండి అచ్చట విద్యుత్తు ట్రాములు నడచుచుండెను. వీథులకు పేర్లకు మారుగా అంకెలుండుట చదువురాని పల్లెవానికి వింత. ఒక సందున చీనావారి అంగళ్ళు, మరియొక సందున సూరతీ వర్తకుల కొట్లు, తమిళ చెట్టియార్ల వడ్డీ కొట్లు, బర్మా స్త్రీలు స్వయముగా బేరమాడు బజారులు. ఇన్ని భాషల నడుమ వాడుక భాష హిందూస్తానీ. బర్మా రాజధానికి పోయిన తెలుగువాడు బర్మా భాషకన్న ముందుగా హిందూస్తానీ నేర్చుకొనుటయే ఆ నగర స్వభావమును తెలుపుచున్నది. 1931 జనాభా లెక్కలలో రంగూను జనము 4 లక్షలు. అందులో సగమునకు పైగా భారతీయులు. ఆనాడు బర్మాలోని మొత్తము భారతీయులు 10 లక్షలు దాటియుండిరి. వారిలో తెలుగువారు లక్షన్నరకు పైబడియుండిరి. 1927లో ఒక్క సంవత్సరమున భారతదేశమునుండి బర్మాకు పోయినవారు 4 లక్షలకు మించిరి. తిరిగి వచ్చినవారును పెక్కురు.

ఈ నగరమును కదలించిన చేతులలో తెలుగువారి చేతులు ముఖ్యమైనవి. ఓడలలో సరకు ఎక్కించి దించిన కూలీలలో వారే అధికులు. రిక్షా లాగినవారిలోను, మిల్లులలో ధాన్యము మోసినవారిలోను, వీథులు శుభ్రపరచినవారిలోను వారు పెద్ద సంఖ్యలో నుండిరి. యుద్ధమునకు ముందు బర్మా ఏటేట సుమారు 30 లక్షల టన్నుల బియ్యము ఎగుమతి చేసెడిది. కాని కంపెనీ ఇచ్చిన కూలి కంట్రాక్టరు, పెద్ద మేస్త్రీ, చిన్న మేస్త్రీ అను మెట్లు దిగి, బయానా బాకీ తీరిన పిదప గాని కూలివాని చేతికందలేదు. నివాసము ఇరుకు గదులలో. ఒక్కొక్క గదిలో జట్టు జట్టంతయు. స్త్రీల సంఖ్య మిక్కిలి తక్కువ. ఇంటికి పంపిన మనియార్డరు మాత్రము పల్లెలో శిస్తు కట్టెను, పెండ్లి చేసెను, తాకట్టు విడిపించెను.

1930 సంవత్సరము ఈ కథలో మలుపు. ఆ మే నెలలో రేవు కూలీలు కూలి పెంపు కోరి సమ్మె కట్టిరి. కంపెనీలు వారికి బదులుగా బర్మా కూలీలను పెట్టుకొనెను. సమ్మె పరిష్కారమై తెలుగువారు మే 26న పనికి మరలగా, బర్మావారిని అక్కరలేదని పంపివైచిరి. రేవున మొదలైన కొట్లాట నగరమంతటను వ్యాపించి, వందకు పైగా ప్రాణములు పోయెను. హతులలో తెలుగు కూలీలు అధికులు. బర్మావారి కోపమునకును కారణములు లేకపోలేదు. ధాన్యపు ధర పడిపోయి, అప్పులక్రింద భూములు చెట్టియార్ల పరమగుచుండెను; ఆ సంవత్సరాంతముననే సాయా సాన్ నాయకత్వమున రైతుల తిరుగుబాటు లేచినది. రేవున తలపడిన ఇరువురును కూలికి వచ్చిన బీదలే. అగ్గువ కూలిచే లాభపడినవారు మేడలపైనుండిరి.

1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశమునుండి వేరుచేయబడెను. అంతవరకు ఒక జిల్లానుండి మరియొక జిల్లాకు పోయినట్లు పోయినవాడు ఒక్క దినమున విదేశీయు డయ్యెను. 1938లో మరల అల్లర్లు చెలరేగెను. 1941లో వలసను నియమించు ఒడంబడిక కుదిరెను గాని, అది అమలగులోపల యుద్ధము వచ్చిపడినది.

1941 డిసెంబరు 23, 25 తేదీలలో జపాను విమానములు రంగూనుపై బాంబులు కురిపించెను. మొదటి దెబ్బ రేవు ప్రాంతముపైననే పడినది. 1942 మార్చి 8న నగరము జపానువారి వశమయ్యెను. ఓడలలో చోటు మొదట డబ్బును పలుకుబడియు గలవారికి దక్కినది. డెక్కు ప్రయాణికునకు కాలినడకయే గతి. ప్రోము మీదుగా తౌంగుప్ కనుమ దాటి అరకాను తీరమునకు కొందరు, టాము మీదుగా మణిపురమునకు కొందరు, హుకాంగ్ లోయ మీదుగా అస్సామునకు కొందరు నడచిరి. ఇట్లు భారతదేశము చేరినవారు సుమారు 4 లక్షలు. కలరా, మలేరియా, ఆకలి వలన దారిలో మడిసినవారు పదివేలకు తక్కువ కారు. వారి పేర్లు ఏ దస్త్రమునను లేవు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణము, కాకినాడలపైనను బాంబులు పడెను. ఒక గట్టున బాంబులకు జడిసి పారివచ్చినవారికి ఆవలి గట్టునను బాంబులే ఎదురయ్యెను.

అస్సాము, చట్టగాము దారులలో బయటపడి కలకత్తా చేరిన తెలుగువారికి ఇంటికి పోవు రైలుదారి ఖరగ్‌పూర్ మీదుగనే. రెండు దారులును ఇచ్చట కలిసినవి. రెండేండ్లకు యుద్ధము మరియొక రూపమున ఈ ప్రాంతమునకు వచ్చెను. 1944లో అమెరికావారి 20వ బాంబరు కమాండు ఖరగ్‌పూరులో కార్యస్థానము నేర్పరచుకొని, చుట్టుపట్ల విమానాశ్రయములనుండి బి-29 విమానములను నడిపెను. ఆ సంవత్సరము నవంబరు 3న అవి రంగూనులోని మలగోన్ రైలు యార్డుపై దాడి చేసెను. తెలుగువారు రైలు పనిచేయు ఊరినుండి లేచిన విమానములు, తెలుగువారు బస్తాలు మోసిన నగరముపై బాంబులు వేసెను. నేడు సాలువాలో వాయుసేన కేంద్రము, ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ దళపు ప్రధాన స్థావరము గలవు.

1948 జనవరి 4న బర్మా స్వతంత్ర దేశమయ్యెను. యుద్ధానంతరము కొందరు తెలుగువారు మరల పోయిరి. కొందరు అసలు కదలకుండిరి. 1962లో సైన్యము అధికారము చేపట్టెను. 1964లో వర్తకము జాతీయము కాగా, పెద్ద నోట్లు రద్దు కాగా, లక్షకు పైగా భారతీయులు ఆ తరువాతి సంవత్సరములలో ఓడలలో తిరిగివచ్చిరి. విశాఖపట్టణమున బర్మా క్యాంపు అను పేట వారి గురుతుగా నేటికిని నిలిచియున్నది. నిలిచిపోయినవారి సంతతి నేటి మియన్మారులో నున్నది. రంగూను 1989 నుండి అధికారికముగ యాంగోన్.

ఒకే పల్లెనుండి వెడలిన రెండు జట్లలో ఒకదానికి కార్ఖానా, క్వార్టరు, పింఛను, పిల్లలకు బడి లభించెను. రెండవదానికి అరణ్యమార్గము లభించెను. మొదటి జట్టు తెలివి యెక్కువ గలది కాదు. రెండవ జట్టు శ్రమ తక్కువ చేసినది కాదు. ఎవని పాదముక్రింద ఏ సరిహద్దు గీత పడినదో, అంతియే భేదము. పరరాష్ట్రమున నిలుకడగా బ్రతుకుచు భాషను, పండుగలను, సంఘములను నిలుపుకొన్నవారికి ఈ సంగతి తెలిసియుండుట అవసరము. సొంత ఊరు విడిచి ఇటీవల ఖరగ్‌పూరునకు పనికి వచ్చిన ఇతర భాషలవారి యెడల వ్యవహరించునప్పుడు అది మరింత అవసరము.

రంగము పోయివచ్చిన పెద్దలలో మిగిలినవారు నేడు మిక్కిలి కొలదిమంది. అయినను వారి బిడ్డలు, మనుమలు గలరు. బర్మా మరచెంబో, లక్కపెట్టెయో, మనియార్డరు రసీదో ఏ ఇంటనైన నుండవచ్చును. ఎవరితో కలసి పోయిరి, ఏ రేవున ఎక్కిరి, జట్టులో ఎందరు మరలివచ్చిరి అను మూడు ప్రశ్నలకు ఇంటింట దొరకు సమాధానములను వ్రాసియుంచినచో, దస్త్రములలో లేని పేర్లు కొన్నియైన దక్కును. తెలుగు సంఘములు పూనుకొనదగిన పని యిది. ఆలస్యము చేయదగినది కాదు.