అచ్చు వచ్చిన పిమ్మట క్రైస్తవ విశ్వాసము

మతగ్రంథము ఎవరి చేతిలో ఉండవలెను? గురువు చేతిలోనా, గృహస్థు చేతిలోనా? ఐరోపా ఖండమున ఈ ప్రశ్నను ఇంటింటికి తెచ్చినది అచ్చుయంత్రము.

అంతకుముందు బైబిలును చేతితో వ్రాసి ప్రతులు తీసెడివారు. ఒక్క ప్రతికి నెలల తరబడి పట్టెడిది. భాష లాటిను. సామాన్యునకు చర్చిలో పాదిరి చదువగా వినుట, గోడలమీది బొమ్మలు చూచుట, ఇంతే ప్రాప్తము. జర్మనీలోని మైంజు నగరమున గూటెన్‌బర్గు విడి లోహపు అక్షరములను కూర్చి, 1455 ప్రాంతమున లాటిను బైబిలును దాదాపు 180 ప్రతులు అచ్చువేసెను.

ఇందొక చిత్రమున్నది. ఆ రోజులలోనే, ఆ నగరముననే, పాపదండనము తగ్గునని తెలుపు పరిహార పత్రములు కూడ అచ్చైనవి. 1517లో అట్టి పత్రముల అమ్మకమును ఆక్షేపించుచు మార్టిన్ లూథరు వ్రాసిన 95 వాదములును అచ్చుకెక్కి, ఆ ఏడు ముగియకముందే పలు నగరములకు ప్రాకినవి. అచ్చుయంత్రమునకు పక్షపాతము లేదు. ఏది కూర్చిన అది పలుకును.

1522 సెప్టెంబరులో లూథరు కొత్త నిబంధనను ప్రజలాడుకొను జర్మను భాషలో వెలువరించెను. సుమారు 3000 ప్రతులు చెల్లిపోగా, డిసెంబరులోనే మరల అచ్చువేయవలసి వచ్చినది. 1529లో ఇంటి యజమాని తన బిడ్డలకు, పనివారికి నేర్పుటకై చిన్న ప్రశ్నోత్తర గ్రంథము వ్రాసెను. చదువురాని వారే హెచ్చు. కాని ఒకరు చదువగా పదిమంది వినిరి, విన్నదానిని తర్కించిరి.

అయితే ఇది సుఖముగా జరిగిన మార్పు కాదు. చదువరులు పెరిగినకొలది అర్థములు పెరిగినవి, శాఖలు చీలినవి. 1559లో రోము నిషిద్ధ గ్రంథముల పట్టిక ప్రకటించెను. కొత్త నిబంధనను ఇంగ్లీషున అచ్చువేయించిన టిండేలు 1536లో ప్రాణమే పోగొట్టుకొనెను. కాని మూడేండ్లకే ఇంగ్లండులో రాజాజ్ఞతో చర్చిలలో ఉంచుటకు ఇంగ్లీషు బైబిలు అచ్చైనది.

ఈ కెరటము మన భాషను కూడ తాకినది. తరంగంబాడికి వచ్చిన జర్మను పాదిరులు 1715 నాటికి తమిళమున కొత్త నిబంధన అచ్చువేసిరి. వారి వెనుక వచ్చిన బెంజమిన్ షుల్జి మద్రాసులో తెలుగు నేర్చి, స్వదేశమేగి, 1746-47లో హాలె నగరమున తెలుగు క్రైస్తవ గ్రంథములను అచ్చువేయించెను. తెలుగున మొదట అచ్చైన పుస్తకములు ఇవేయని చెప్పుదురు. అనగా మన అచ్చక్షరము పుట్టినది పరదేశమున! 1812లో శ్రీరామపురము అచ్చుకూటమున అగ్నిప్రమాదమై తెలుగు అక్షరములును కరగిపోగా, మరల పోతపోసిరి. 1818లో తెలుగు కొత్త నిబంధన వెలువడినది.

పొరుగు రాష్ట్రములలో తరతరములుగా నివసించు మనకు ఇందొక పాఠము గలదు. చెవితో నేర్చిన భాష రెండు తరములకు పలుచబడును. కంటితో చదివిన భాష నిలుచును. మన పిల్లలు తెలుగు మాటలాడుదురు గాని, చదువలేని ఇండ్లు ఎన్నో! ఏ మతమువారమైనను, ఈ ఉగాదినుండి ప్రతి యింట ఒక తెలుగు పుస్తకము బిడ్డచేత బిగ్గరగా చదివింతుము గాక.